క్రిమి దేహముపై కాపురమున్న జీవులు

గంజాం జిల్లాలోని పురుషోత్తంపూర్ సమీపమున, ఋషికుల్యా నదీతీరమున, జౌగడ అను పాత కోట ఆనవాలు కలదు. అచ్చటి బండపై అశోకచక్రవర్తి క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున చెక్కించిన శాసనములు నేటికిని నిలిచియున్నవి. మొదటి శాసనములో ఒక వింత లెక్క కనబడును. పూర్వము రాజుగారి వంటశాలలో దినమునకు లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, శాసనము వ్రాయించునాటికి రెండు నెమళ్లు, ఒక జింక, ఈ మూడు మాత్రమే చంపబడుచున్నవనియు, ఆ జింకయైనను నిత్యము కాదనియు, ఇకముందు ఆ మూడింటిని కూడ చంపరనియు దాని తాత్పర్యము. రెండవ శాసనము మనుష్యులకే గాక పశువులకు కూడ చికిత్స ఏర్పాటు చేసిన సంగతి చెప్పును.

ఆ నెమలికి, ఆ జింకకు గంజాం జిల్లాలో నేడును ఆశ్రయము కలదు. పకిడి కొండల దిగువనున్న గ్రామస్థులు 1999 నాటి పెనుతుపాను తరువాత నెమళ్లను కాపాడుచు వచ్చిరి. భేట్నోయి, బాలిపదర్ ప్రాంతముల రైతులు తమ పొలములలో తిరుగు కృష్ణజింకలను తరతరములుగా కొట్టరు, చంపరు. జింక పొలములో అడుగుపెట్టిన వానలు కురియునని, పంట పండునని వారి నమ్మకము. 2021 గణనలో ఈ జింకలు ఏడు వేలకు మించినవి. ఆ రైతులలో జైనధర్మము పేరైనను వినని వారు అనేకులుండవచ్చును. పైరు కొంత జింక నోటబడినను ఊరుకొను వారి ఓర్పు మాత్రము ఏ శ్రావకుడైనను నేర్చుకొనదగినది.

చక్రవర్తి వంటశాల లెక్కలో జింక యన్నది ఒక ప్రాణి. ప్రకృతి లెక్క వేరు. అడవిజింక కడుపులో వందలకొలది పురుగులుండును. అంతటితో ఆగదు. ఆ పురుగు చర్మమునంటుకొని, దాని ముడతలలోను, దాని గ్రుడ్డు పెంకుపైనను, అంతకంటె సూక్ష్మములైన జీవులు కాపురముండును. జింక ఒక ఊరైనచో పురుగు ఆ ఊరిలో ఒక ఇల్లు. ఆ ఇంటి గోడలపై మరియొక ప్రజ. ఈ మూడవ ప్రజను గూర్చి శాస్త్రజ్ఞులు తెలిసికొన్న సంగతులు చాలవరకు గత నలుబది, ఏబది సంవత్సరములలోనివి. గోశాలలను పోషించు కుటుంబములకు, పిల్లలకు నులిపురుగుల మందు ఇప్పించు తల్లిదండ్రులకు ఈ సంగతులు కేవలము వినోదము కావు. ఒక ప్రాణికి చికిత్స చేయునప్పుడు ఎన్ని ప్రాణుల జోలికి పోవుచున్నారో వీనివలన తెలియును.

ముందుగా పురుగులను గూర్చి. పేగులలో బ్రతుకు పురుగులు ముఖ్యముగా మూడు విధములు. గుండ్రని దేహముగల ఏలికపాము, నులిపురుగు, కొంకిపురుగు వంటివి ఒక తెగ. పట్టెడవలె చప్పిడిగా, గణుపులు గణుపులుగా నుండు బద్దెపురుగు రెండవది. ఆకువలె పలుచనైన జలగరూపపు పురుగులు మూడవది. కృష్ణజింకకును, గొఱ్ఱెమేకలకును సామాన్యముగా పట్టునది మొదటి తెగలోని హీమాంకస్ కంటార్టస్ అనునది. నెమరువేయు జంతువు కడుపులోని నాల్గవ అరలో ఇది చేరి నెత్తురు త్రాగును. ఆడుపురుగు సుమారు అంగుళము పొడవుండును. నెత్తుటితో నిండిన ఎఱ్ఱని పేగు చుట్టును తెల్లని గర్భనాళములు మెలిపెట్టుకొని యుండుటచే చూపునకు రెండు రంగుల పురిత్రాడువలె నుండును. ఒక్క ఆడుపురుగు దినమునకు ఐదువేలు మొదలు పదివేల వరకు గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో బయటపడి పొదుగబడును. అప్పుడు పుట్టిన పిల్లపురుగు తినునది ఏమి? ఆ పెంటికలలోని బాక్టీరియాలనే. రెండు దశల వరకు బాక్టీరియాలే దానికి ఆహారము. మూడవ దశలో పాతచర్మమును విడువక దానినే ఒరవలె కప్పుకొని, నోరు మూసికొని, తిండి మాని, మంచుతడి గల గడ్డిపోచ నెక్కి, ఏ జంతువైన వచ్చి మేయునా యని ఎదురుచూచును. జంతువు కడుపు చేరినపిమ్మట ఆ ఒర విడుచును. ఎఱ్ఱగా నిగనిగలాడు ఆ పురుగు జీవితము మొదటినుండియు సూక్ష్మజీవులతో ముడిపడినదే.

ఈ మూడు తెగల పురుగులకు చర్మము ఒక్క విధముగా నుండదు. సూక్ష్మజీవుల కాపురము ఆ చర్మమును బట్టియే యుండును. గుండ్రని పురుగునకు పైన క్యూటికిల్ అను గట్టి తొడుగు కలదు. అది పొరలు పొరలుగా నుండి, పెరుగుదలలో నాలుగు మారులు మారును. దానిపైన చక్కెర కలిసిన మాంసకృత్తుల సన్నని జిగురుపూత ఒకటి యుండును. సూక్ష్మజీవి అంటుకొనవలెనన్నను, అంటుకొనక జారిపోవలెనన్నను ఈ పూతయే కారణము. బద్దెపురుగు సంగతి పూర్తిగా వేరు. దానికి నోరు లేదు, పేగు లేదు. చర్మముతోనే తినును. ఆ చర్మము జీవముగల మెత్తని పొర. దానిపై లెక్కకు మించిన సన్నని మొలకలు వెల్వెట్టు గుడ్డపై నూగువలె నిలిచియుండును. జంతువు తిన్న అన్నము జీర్ణమై రసము కాగానే ఆ నూగు పీల్చుకొనును. అట్టి నూగు నడుమ సందులలో బాక్టీరియా చేరినచో, పురుగు తిను పంక్తిలోనే అదియు కూర్చున్నదన్నమాట.

రష్యా దేశమున వోల్గానదిపై రీబిన్స్క్ జలాశయపు ఒడ్డున బొరోక్ అను చిన్న ఊరు కలదు. అచ్చటి మంచినీటి జీవశాస్త్ర సంస్థలో కొందరు శాస్త్రజ్ఞులు చేపల పేగులలోని బద్దెపురుగులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద ఓపికగా పరిశీలించిరి. పైక్ అను వేటచేపలోను, బర్బట్ అను చేపలోను నుండు బద్దెపురుగుల చర్మముపై బాక్టీరియాలు కనబడినవి. కొన్ని కేవలము పైపైన పడియున్నవి, కడిగినచో పోవును. కొన్ని నూగు మొదళ్లవరకు దూరి అంటుకొనియున్నవి, ఎంత కడిగినను పోవు. ఈ రెండు జట్లను వేరు చేయుటయే ఆ పనిలోని కష్టము. జంతువు పేగు నిండ బాక్టీరియాలే యుండగా, పురుగుపై నున్నది అతిథియా, కాపురస్థుడా యని తేల్చుట ఎట్లు? సంతలో దుకాణము అరుగుమీద నిలుచున్న వారందరు ఆ దుకాణపు మనుష్యులు కారుగదా. బ్రీమ్ అను చేపలోని మరియొక బద్దెపురుగును గూర్చి 2006 ప్రాంతమున ప్రచురించిన పరిశోధనలో, ఇట్లంటుకొన్న బాక్టీరియాలు పిండిపదార్థమును, మాంసకృత్తును విడగొట్టు రసములను తామే పుట్టించుచున్నవని తెలిపిరి. పేగు లేని పురుగునకు, దాని పైనున్న జీవులు కొంత వంట చేసి పెట్టుచున్నవని దీని యర్థము. ఇందులో ఎవరు ఎవరిని పోషించుచున్నారో చెప్పుట అంత సులభము కాదు.

ఇంతకంటె ఆశ్చర్యమైనది కొరడాపురుగు కథ. దీని శాస్త్రనామము ట్రైక్యూరిస్. ముందుభాగము దారమువలె సన్నగా, వెనుకభాగము లావుగా నుండుటచే ఆ పేరు. దీని జాతులు మనుష్యులలో, కోతులలో, జింకలలో, ఎలుకలలో వేరువేరుగా కలవు. దీని గ్రుడ్డు చిన్న పీపావలె నుండి రెండు చివరల బిరడాలు కలిగియుండును. గ్రుడ్డు మట్టిలో నెలలకొలది పడియున్నను పగులదు. కడుపులోనికి పోయిన పిమ్మట, పెద్దపేగు చేరిన తరువాతనే పగులును. పురుగునకు తాను చేరవలసిన చోటు చేరినట్లు ఎట్లు తెలియును? ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2010లో దీనికి జవాబు ప్రకటించిరి. ఎలుకలలోని కొరడాపురుగు గ్రుడ్డు బిరడాలకు బాక్టీరియాలు వచ్చి అంటుకొనును. ఈషరీషియా కోలై అను సామాన్యమైన పేగు బాక్టీరియా తన సన్నని వెండ్రుకలతో ఆ బిరడాను పట్టుకొనును. ఆ పట్టు తగిలి, దేహపు వేడిమి తోడైనప్పుడే గ్రుడ్డు పొదుగబడును. ఆ వెండ్రుకల పట్టును అడ్డుకొను చక్కెరను కలిపి చూచిరి, పొదుగుట తగ్గినది. ఎలుకలకు బాక్టీరియాలను తగ్గించు మందిచ్చి చూచిరి. పురుగులు తక్కువగా పట్టినవి. తలుపు లోపలివాడు తెరువలేదు, బయటివాడు తట్టగా తెరువబడినది. 2018లో అదే విశ్వవిద్యాలయమువారు మరియొక సంగతి చెప్పిరి. ఈ పురుగు తన జంతువు పేగులోని బాక్టీరియాలలో కొన్నిటిని ఏరుకొని తన కడుపులోనికి తీసికొనుననియు, అవి లేక బ్రతుకజాలదనియు, అది చేరిన తరువాత ఆ పేగులోని బాక్టీరియాల కూర్పు మారిపోయి, కొత్తగా వచ్చు గ్రుడ్లు పొదుగబడుట తగ్గుననియు వారు చూపిరి. ముందు వచ్చినవాడు వెనుక వచ్చువారికి తలుపు మూయుట రైలుపెట్టెలో అందరు ఎరిగినదే.

పురుగు సూక్ష్మజీవులను చేరదీయుట మాత్రమే కాదు, వానినుండి తన్ను కాపాడుకొనుట కూడ నేర్చినది. 1989లో స్వీడను దేశమున హాన్స్ బొమాన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పంది చిన్నపేగునుండి బాక్టీరియాలను చంపు ఒక పదార్థమును తీసి దానికి సెక్రోపిన్ పి ఒకటి అని పేరు పెట్టిరి. అట్టి పదార్థములు అంతకుముందు పట్టుపురుగుల జాతులలో కనబడినవి. క్షీరదములలో కూడ దొరికినదని శాస్త్రలోకము సంతోషించినది. పదునాలుగు సంవత్సరముల తరువాత, 2003లో, తప్పు బయటపడినది. ఆ పదార్థము పందిది కాదు. ఆ పంది పేగులో కాపురమున్న ఏలికపాముది. బాక్టీరియాలు కిక్కిరిసిన చోట బ్రతుకు ఆ పురుగు తన రక్షణకై ఆ మందును తయారుచేసికొనుచున్నది. ఆ ఏలికపాము పెంపుడు పందులలోను, అడవిపందులలోను కూడ నుండును. అయినవారి ఖాతాలో వ్రాసిన సొమ్ము అద్దెకున్నవానిదని చివరకు తేలిన వ్యవహారమువంటిది ఇది. పెద్ద విద్వాంసులు కూడ ఇంటివానిని చూచిరిగాని ఇంటిలో దాగినవానిని చూడలేదు.

పురుగు చర్మము సూక్ష్మజీవులకు వాహనము కూడ కాగలదు. ఈ విషయమున మనుష్యులకే ప్రమాదము కలదు. స్ట్రాంగిలాయిడిస్ అను సన్నని పురుగు తడినేలపై చెప్పులు లేక నడుచువారి పాదముల చర్మము గుండ దూరి పేగు చేరును. సామాన్యముగా కొలదిపాటి బాధతో సంవత్సరములకొలది దేహములో నుండును. అట్టి మనుష్యునకు ఉబ్బసమునకో కీళ్లనొప్పులకో స్టిరాయిడ్ మందులు ఎక్కువగా ఇచ్చి దేహపు రక్షణశక్తి తగ్గినచో, పిల్లపురుగులు లక్షలుగా పెరిగి పేగుగోడను చీల్చుకొని నెత్తుటిలోనికి పోవును. పోవుచు తమ చర్మమునంటిన పేగు బాక్టీరియాలను వెంట కొనిపోవును. అప్పుడు రక్తము విషమగుట, మెదడు పొరలు వాచుట సంభవించి ప్రాణాపాయము కలుగును. చంపునది చాలమారులు పురుగు కాదు, పురుగు మేనినంటి ప్రయాణము చేసిన బాక్టీరియా. స్టిరాయిడ్ మందులు దీర్ఘకాలము వాడవలసిన వారు, ముఖ్యముగా పొలములతో సంబంధముగలవారు, ముందుగా ఈ పురుగునకు పరీక్ష చేయించుకొనుట మేలని వైద్యులు చెప్పుచున్నారు.

ఈజిప్టు దేశమున మరియొక చిత్రము కనబడినది. షిస్టోసోమా అను జలగరూపపు పురుగు పేగుచుట్టునున్న రక్తనాళములలో నివసించును. అది పట్టినవారికి టైఫాయిడ్ జాతి జ్వరము వచ్చినచో మందిచ్చినను తగ్గి తిరిగి వచ్చుచుండెను. ఆ జ్వరము కలిగించు సాల్మొనెల్లా బాక్టీరియా తన వెండ్రుకలతో పురుగు చర్మమునకు అంటుకొని దాగియుండునని 1980 తరువాతి పరిశోధనలలో తెలిసినది. అట్లంటుకొన్న బాక్టీరియాలకు మందు సరిగా పనిచేయదని 2011లో మరియొక పరిశోధన చూపినది. ముందు పురుగునకు చికిత్స జరిగినగాని జ్వరము పూర్తిగా వదలదు.

జౌగడ శాసనములోని నెమలికి కూడ ఇందులో పాలు కలదు. కోడి, అడవికోడి, నెమలి మొదలైన పక్షుల పేగుసంచులలో హెటెరాకిస్ అను చిన్న పురుగు ఉండును. అది తనంత తాను పెద్ద కీడు చేయదు. దాని గ్రుడ్డులో మాత్రము హిస్టోమోనాస్ అను ఏకకణజీవి దాగి ప్రయాణము చేయును. ఆ జీవి బయట గాలికి, ఎండకు నిమిషములలో చచ్చునంత బలహీనమైనది. పురుగుగ్రుడ్డు పెంకులో చేరినచో నేలలో సంవత్సరములు బ్రతికియుండును. ఆ గ్రుడ్డును వానపాము మ్రింగినను లోపలి జీవి చెడదు. వానపామును పక్షి తినినచో తిరిగి పక్షిని చేరును. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ 1895లో టర్కీకోళ్లలో ఈ జీవిని వర్ణించెను. పురుగుగ్రుడ్డే దానికి వాహనమని 1920లో ఆయనయు గ్రేబిల్ అను సహచరుడును చూపిరి. నెమళ్లకు కూడ ఈ జబ్బు సోకును. కోళ్లు తిరిగిన నేలలో నెమళ్లకు ధాన్యము చల్లరాదనుట ఇందువలననే. పుణ్యమునకై గింజలు చల్లువారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను.

ఇక శాస్త్రగ్రంథముల మాట. తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి ఆచార్యులు ఇంద్రియములను బట్టి జీవులను విభజించినప్పుడు, స్పర్శ, రసన అను రెండింద్రియములుగల వానికి క్రిమినే మొదటి ఉదాహరణముగా చెప్పిరి. నేటి శాస్త్రజ్ఞులు గుండ్రని పురుగుల తలభాగమున రసాయనములను గుర్తించు సన్నని గుంటలను, తాకిడిని గుర్తించు మొలకలను వర్ణించుచున్నారు. రుచియనవలెనో వాసనయనవలెనో తేల్చుట కష్టము. నీటిలో కరగినదానిని గుర్తించుట రెండింటికి నడుమనున్నది. ఏ విధముగా చూచినను పేగులోని పురుగు త్రసజీవి యనుటలో సందేహము లేదు. దానిని మురికితో సమానముగా నెంచుట శ్రావకునకు తగదు.

నిగోదముల ప్రసక్తి అంతకంటె ఆలోచింపదగినది. శ్రవణబెళగొళలో బాహుబలి విగ్రహము నిలిపిన చాముండరాయని కాలమువాడైన నేమిచంద్ర సిద్ధాంతచక్రవర్తి గోమ్మటసారము జీవకాండములో ఒక లెక్క ఇచ్చెను. పృథ్వీకాయము, జలకాయము, అగ్నికాయము, వాయుకాయము, కేవలి శరీరము, ఆహారక శరీరము, దేవతల శరీరము, నారకుల శరీరము, ఈ ఎనిమిది తప్ప తక్కిన శరీరములన్నియు బాదర నిగోదజీవులకు ఆశ్రయములని ఆయన మతము. ఈ లెక్క ప్రకారము జింక శరీరము ఆశ్రయమే, జింకలోని క్రిమి శరీరము కూడ ఆశ్రయమే. పురుగు మేనిపై మరియొక ప్రజ కలదనిన మాట ఆ సంప్రదాయములో పెరిగినవానికి వింతగా తోచదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. కొందరు ఉపన్యాసకులు నిగోదమనగా బాక్టీరియాయే యని, పూర్వాచార్యులు సూక్ష్మదర్శిని లేకయే దానిని చూచిరని సభలలో చెప్పుచుందురు. చప్పట్లు పడును గాని ఆ మాట నిలువదు. నిగోదము వనస్పతికాయములోని ఒక భేదము. ఒకే శరీరములో అనంతజీవులు కూడి ఒకటిగా ఊపిరి తీయుట, ఒకటిగా ఆహారము గొనుట దాని లక్షణము. ఒక్క శ్వాసకాలములో పదునెనిమిది మారులు పుట్టి చచ్చునని దిగంబర గ్రంథములు, పదునేడింటికి మించి యని శ్వేతాంబర గ్రంథములు చెప్పును. బాక్టీరియా ఒక్కొక్కటి ఒక కణము. మిక్కిలి త్వరగా పెరుగు ఈషరీషియా కోలై కూడ రెండుగా చీలుటకు ఇరువది నిమిషములు పట్టును. ఒకటి ఆగమప్రమాణముతో తెలియునది, మరియొకటి కంటితో చూచునది. రెండింటిని బలవంతముగా ఒకటి చేయుటచే శాస్త్రమునకు గాని ధర్మమునకు గాని గౌరవము పెరగదు. ఒక శరీరము మరియొక జీవికి ఆశ్రయమగునను దృష్టి మాత్రము రెండింటికి సామాన్యము. అంతమాత్రము చాలును.

అయినచో పురుగులకు మందు వాడవచ్చునా? ఈ ప్రశ్న ప్రతి జైనగృహమున ఎప్పుడో ఒకప్పుడు వచ్చును. 2015లో మొదలైన కార్యక్రమము క్రింద ఫిబ్రవరి 10వ తేదీన బడులలో పిల్లలకు ఆల్బెండజోల్ బిళ్లలు ఇచ్చుచున్నారు. కడుపులో కొంకిపురుగు చేరిన బిడ్డ రక్తహీనతతో పాలిపోవును, చదువులో వెనుకబడును. బిడ్డను అట్లు వదలుట దయ యనిపించుకొనదు. సంకల్పపూర్వకమైన హింస వేరు, గృహస్థుడు తప్పించుకొనలేని హింస వేరు అని పెద్దలు విభజించియున్నారు. వ్రతధారులు తమ గురువుల ఆజ్ఞను అనుసరింతురు. మందు విషయమున తెలిసికొనవలసినది మరియొకటి కలదు. భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నాయకత్వము వహించిన కాలమున రెండు మందులు వెలువడినవి. 1947లో బోదకాలు పురుగునకు హెట్రజాన్. 1948లో, ఆయన మరణించిన సంవత్సరముననే, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్. రెండవది టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది, బాక్టీరియాలకు మందు. ఒకటి పురుగునకు, ఒకటి బాక్టీరియాకు. రెండింటికి సంబంధము లేదని అందరు తలచిరి. ఏబది సంవత్సరములకు తెలిసినదేమనగా, గంజాం నుండి గోదావరి వరకు కోస్తాలో జనులను పీడించిన ఆ బోదకాలు పురుగు కణములలో వొల్బాకియా అను బాక్టీరియా కాపురమున్నది. అది లేక పురుగు గ్రుడ్డు పెట్టలేదు, దీర్ఘకాలము బ్రతుకలేదు. టెట్రాసైక్లిన్ జాతికే చెందిన డాక్సీసైక్లిన్ కొన్ని వారములు ఇచ్చినచో ఆ బాక్టీరియా నశించి, పురుగు గొడ్డువోయి, మెల్లగా అంతరించును. ఇది పేగుపురుగు కాదు, ఈ బాక్టీరియా మేనిపైన గాక మేనిలోపల నున్నది. అయినను ఇంటిని కదలించుటకు ఇంటిలోనివానిని కదలించిన చాలునను సంగతి దీనివలన తెలిసినంత స్పష్టముగా మరి దేనివలనను తెలియలేదు.

పశువుల విషయములో చేయదగినది ఇంకను ఎక్కువ కలదు. అనేక గోశాలలలో మూడు నెలలకొకమారు పశువులన్నిటికి వరుసగా పురుగుల మందు త్రావించుట వాడుక. ఇది అహింసకు దూరము, లాభమునకు కూడ దూరము. అన్నిటికి మందిచ్చినప్పుడు మందునకు లొంగని కొలది పురుగులే మిగులును. వాని సంతానమే మేతనేలయంతట నిండును. కొన్ని సంవత్సరములకు ఆ మందు నీళ్లతో సమానమగును. కొన్ని పశువులకు మందు ఇయ్యక విడిచినచో, వానిలోని లొంగెడు పురుగులు సంతానము కని ఆ మొండిజాతిని పలుచన చేయును. చంపక విడిచిన పురుగులే మందు బలమును కాపాడుచున్నవి. హీమాంకస్ బెడద ఎక్కువగానున్న దక్షిణాఫ్రికాలో 1990 తరువాత గొఱ్ఱెమేకలకై ఫమాచా అను పద్ధతి వచ్చినది. ఐదు రంగులు ముద్రించిన చిన్న అట్టను పశువు కంటిరెప్ప లోపలిభాగమున నుండు ఎఱుపుతో పోల్చి చూతురు. ఎఱ్ఱగా నున్నదానికి మందు లేదు. పాలిపోయినదానికి మాత్రమే మందు. ఖర్చు తగ్గును, హింస తగ్గును, మందు చెడదు. మూడు విధముల లాభమున్న బేరము వర్తకులకు వివరింప నక్కరలేదు.

మందు విషయమున మరియొక సంగతి. ఐవర్‌మెక్టిన్ వంటి మందు త్రాగిన పశువు పేడలో ఆ మందు కొంత నిలిచియుండి, పేడను దొర్లించుకొనిపోయి పూడ్చు పేడపురుగుల పిల్లలను చంపును. ఆ పేడపురుగులే పేడను త్వరగా చెదరగొట్టి మేతనేలపై క్రిమి లార్వాలను తగ్గించునవి. మందుతో ఒకవైపు తగ్గించినది మరియొకవైపు పెరిగినట్లగును. ఎండాకాలమున మందిచ్చిన పశువులను కొన్ని దినములు దొడ్డిలో నుంచి, ఆ పేడను వేరుగా వేయుట మంచిది.

వీనియన్నిటికంటె ముందుది పెంట. గ్రుడ్డు పొదుగబడునది, పిల్లపురుగు బాక్టీరియాలను తిని బలిసి గడ్డి నెక్కునది పెంటలోనే. మలమూత్రములను నిర్జీవమైన, ఎండిన చోట మాత్రమే జాగ్రత్తగా విడువవలెనని సాధువులకు ఉత్సర్గసమితి విధింపబడినది. పచ్చికపై, తడినేలపై, నీటిదగ్గర విడువరాదు. పురుగుగ్రుడ్లు వ్యాపించుటకు కావలసినవి సరిగా ఆ మూడే. గోశాలలో పేడను దినదినము ఎత్తి మేతకు దూరముగా వేయుట, నీటితొట్టి చుట్టును ఎండగా నుంచుట, మేతను నేలపై గాక తొట్టిలో వేయుట, వానకాలమున ఒకే మడిలో పశువులను రోజులకొలది మేపకుండుట, ఈ పనులు చేసినచోట మందు అవసరమే సగము తగ్గును. పుట్టని పురుగును చంపవలసిన పని లేదు.

అడవిజంతువులకు అట్టపట్టుకొని కంటిరెప్ప చూచువారెవరును లేరు. చూడవలసిన అవసరము కూడ లేదు. మేతనేల విశాలముగా నున్నంతవరకు జింకయు, దాని పురుగును, పురుగు మేనినున్న జీవులును తమలో తాము ఒక ఒడంబడికతో బ్రతుకుచున్నవి. ఊరిపశువులు, మేకలు అదే బీడులో మేసినచో హీమాంకస్ ఇటునుండి అటు, అటునుండి ఇటు దాటగలదు. ఊరిపశువు పేడ విషయమున చూపు జాగ్రత్త అందుచేత జింకకు కూడ ఉపకారమే. కృష్ణజింకలలో పోతు తన హద్దులోపల ఒక్కొక్క చోటనే మరల మరల పెంటికలు వేసి కుప్పలు చేయును. ఆఫ్రికాలోని కెన్యా దేశపు జింకలను గూర్చి 2004లో వెలువడిన ఒక పరిశోధనలో ఇట్టి కుప్పల చుట్టునున్న గడ్డిలో క్రిమి లార్వాలు ఎక్కువగా నున్నవనియు, డిక్‌డిక్ అను చిన్నజింక పెంటికల కుప్పలదగ్గర మేయక తొలగిపోయెననియు వ్రాయబడినది. కుప్పలు ఎక్కువైనచోట మొత్తముమీద నేలలో లార్వాలు కూడ ఎక్కువే యని ఆ పరిశోధకురాలే ఒప్పుకొనినది. భేట్నోయి పొలములలో వానలు వెలిసిన తరువాత చూచినచో, కోసిన చేల నడుమ నల్లని పెంటికల కుప్ప, దాని చుట్టును అడుగెడు పచ్చగడ్డి, కొంచెము దూరముగా తలవంచి మేయుచున్న మంద కనబడును.